అప్పాయమ్మ రజను, నూకరాజు కూర

విశాఖపట్నం వెళ్లొచ్చి పది రోజులైంది. అప్పటినుంచీ మిల్లులో ఎదురుపడ్డ ప్రతివాడూ "ఫోర్‌మన్ గారండీ, సముద్రం ఎలా ఉందండీ? ఓడెక్కారా అండీ?" అని అడగడమే. ఒక్కొక్కడికీ నిలబడి చెబుతూ కూర్చుంటే నా డ్యూటీ ఎవరు చేస్తారు? అందుకే ఒక్కసారే రాసి పడేస్తున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోండి. వెళ్లినవాళ్లు తప్పులు పట్టకండి, నాకు కోపం ఎక్కువని మీ అందరికీ తెలుసు.

మాది పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర మిల్లు. సీజను సగంలో ఉండగా నాలుగు రోజులు మిల్లు వదిలి నేనెందుకు వెళ్లానంటే, క్వాలిటీ సర్కిల్ పోటీకి. ఏ ఫ్యాక్టరీలోనైనా పనివాళ్లు నలుగురు కూర్చుని, తమ పనిలో ఉన్న ఇబ్బందిని తామే కనిపెట్టి తామే బాగుచేసుకుంటే, ఆ కథను పెద్దల ముందు పావుగంటలో చెప్పాలి. నెగ్గితే షీల్డు. మా జనరల్ మేనేజరు గారు షీల్డు కోసం ఆఫీసులో అద్దాల బీరువాలో నడిమి అర ముందే ఖాళీ చేయించారు. నేను కూడా ఊరంతా చెప్పుకున్నాను, షీల్డు లేకుండా తిరిగి రానని.

రైల్లో

నలుగురం బయల్దేరాం. నేను, ఫిట్టర్ కోటయ్య, వెల్డర్ సత్తిబాబు, స్టోర్సు గుమాస్తా మూర్తి. మూర్తిది ముత్యాల్లాంటి దస్తూరీ, మా చార్టులన్నీ అతనే రాశాడు. కోటయ్యకు రెండు గంటలకోసారి ఆకలి వేస్తుంది. తుని రాకముందే మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర అయిపోయింది.

మొదటి చార్టు మీద మా నలుగురి పేర్లు. పైన పెద్ద అక్షరాల్లో నాది. సత్తిబాబు చార్టుల చుట్ట విప్పి ఆ పేర్లు రెండుసార్లు చదివాడు.

"ఫోర్‌మన్ గారండీ, అప్పాయమ్మ పేరు లేదేంటండీ?"

"ఊడ్చేవాళ్ల పేర్లు కూడా రాయడం మొదలుపెడితే గేటు దగ్గర వాచ్‌మన్ పేరూ రాయాలి. నలుగురం చేశాం, నలుగురి పేర్లే ఉంటాయి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు. అంతే, ఆ తర్వాత నాతో మాటలు మానేశాడు. ఏదడిగినా "ఆయ్", లేకపోతే "చిత్తం". పోటీలో నడిమి నాలుగు నిమిషాలు చెప్పాల్సింది అతను. ఒకసారి చదివి వినిపించవయ్యా అంటే, గొంతు బాగాలేదండి అన్నాడు. అనకాపల్లి దగ్గర మాత్రం బెల్లం అమ్మేవాడితో గొంతు చించుకుని బేరమాడాడు.

ఇక్కడ అప్పాయమ్మ సంగతి చెప్పాలి. మిల్లులో చెరకును గానుగల్లోకి మోసుకెళ్లే పెద్ద గొలుసు ఉంటుంది, దాన్ని క్యారియర్ అంటాం. పోయిన సీజనంతా ఆ గొలుసు తెగడం, మిల్లు ఆగడం, రైతులు బళ్ల మీద కూర్చుని మమ్మల్ని తిట్టడం. నేను గొలుసు మార్చాను, పిన్నులు మార్చాను, గ్రీజు మార్చాను. క్యారియర్ కింద చెరకు తుక్కు ఊడ్చే అప్పాయమ్మ ఒకరోజు తిన్నగా నా గదిలోకి వచ్చి, పొట్లం విప్పి, నల్లగా మెరుస్తున్న ఇనప రజను నా లాగ్ బుక్కు మీద కుమ్మరించింది.

"నా టేబులేమన్నా చెత్తకుండీ అనుకున్నావా?" అని అరిచాను.

"చెత్తయితే నేనే పారేద్దునండి బాబూ. ఇది ఒక్క పక్కనే రాలుతోందండి. గొలుసు తెగే ముందురోజు మరీ ఎక్కువ రాలుతోంది" అంది.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. సత్తిబాబే ఆ రజను కాగితంలోకి ఎత్తి, అందర్నీ క్యారియర్ కిందికి తీసుకెళ్లాడు. చూస్తే, వెనక చివర పళ్ల చక్రం ఇరుసు ఒక పక్కకి వేలెడంత కుంగింది. గొలుసు పక్కనున్న ఇనప పట్టీని రాసుకుంటూ అరుగుతోంది. ఇరుసు సరిచేశాం. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా గొలుసు తెగలేదు. దీన్ని నేను చార్టులో 'బృందం నిశిత పరిశీలనలో తేలిన విషయం' అని రాయించాను. ఆ ముక్క రాయించినప్పుడు నాకు చాలా గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం దేనికి.

కొండ మీంచి

విశాఖలో దిగగానే ఆటోవాడు నన్ను "బావా" అన్నాడు. నా వయసెంత, వాడి వయసెంత! మా వైపు కొత్తవాళ్లను 'అండీ' లేకుండా పలకరిస్తే గొడవలైపోతాయి. ఇక్కడ బావ అంటే మర్యాదేనట. రెండో రోజుకి నాకూ అలవాటైంది, మూడో రోజు ఎవరూ అనకపోతే వెలితిగా అనిపించింది.

స్టేషనుకి దగ్గర్లోనే లాడ్జి. పక్క సందులో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ మెస్సు నడుపుతోంది. వాళ్లాయనకు పోర్టులో ఉద్యోగం. భోజనం పదిహేను రూపాయలు, అన్నం ఎంతైనా పెడతారు. కోటయ్య మొదటి పూటే ఆవిడను భయపెట్టాడు. ఒకటే చిక్కు, పులుసులో బెల్లం. ముప్ఫై ఏళ్లు తీపి వాసన మధ్యే బతికినవాణ్ణి, అన్నంలో కూడా తీపేంటమ్మా అన్నాను. "ఇక్కడివాళ్లకి అలవాటండీ, వండీ వండీ మాకూ అలవాటైపోయింది" అందావిడ.

సాయంత్రం యారాడ బీచికి వెళ్లాం. బస్సు కొండ చుట్టూ తిరిగి ఎక్కుతుంటే మూర్తి కళ్లు మూసుకున్నాడు. పైనుంచి చూస్తే, అబ్బ, ఒక పక్క పోర్టు మొత్తం కాళ్ల కింద పరిచినట్టుంది. క్రేన్లు, ఓడలు, ఎర్రటి ఖనిజం గుట్టలు, ఆ గుట్టల మీంచి ఓడల వైపు సాగిపోయే బెల్టులు. పని చేసే ఊరిని చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. గుళ్లు గోపురాలు చూసినా అంత రాదు. పాపం నాది.

కోటయ్య చాలాసేపు ఆ బెల్టుల వైపే చూసి, "అంత పొడుగు బెల్టు కింద ఎవరు ఊడుస్తారండీ?" అన్నాడు. కావాలని అన్నమాట కాదు, కోటయ్యకు అంత తెలివి లేదు. సత్తిబాబు మాత్రం గట్టిగా దగ్గాడు. యారాడలో కొబ్బరిబొండాలు ఐదేసి రూపాయలు. సత్తిబాబు తన బొండం పట్టుకెళ్లి దూరంగా ఇసకలో కూర్చుని తాగాడు. షీల్డు మీద నాకు మొదటి దిగులు అక్కడే పట్టుకుంది.

ఫిషింగ్ హార్బర్

మర్నాడు తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లాం. పోటీ ఆ మర్నాడు. చార్టుల చుట్ట లాడ్జిలో వదలడానికి నాకు మనసొప్పలేదు, చంకలో పెట్టుకునే వెళ్లాను.

అక్కడ అప్పటికే మధ్యాహ్నంలా ఉంది సందడి. ఐసు గడ్డలు కొట్టే చప్పుడు, వేలం కేకలు, బురద, వాసన. ఒక బోటు అప్పుడే వచ్చి ఒడ్డుకి కట్టుకుంది. బోటు మీద పనిచేసే కళాసీల్లో ఒకడికి జ్వరమట, చేపల బుట్టలు పైకందించడానికి మనుషులు చాలట్లేదు. బోటు డ్రైవరు, నల్లగా పొట్టిగా ఉంటాడు, పేరు నూకరాజు, మమ్మల్ని చూసి కేకేశాడు.

"ఏటి బావా, నలుగురూ సినిమా సూసినట్టు సూత్తన్నారు? ఓ సెయ్యెయ్యండి!"

కోటయ్య, సత్తిబాబు అప్పటికే వరసలో నిలబడ్డారు. మూర్తి చొక్కా చేతులు మడిచాడు. నేనొక్కణ్ణీ నిలబడితే ఏం బాగుంటుందని, చార్టుల చుట్ట ఒక పెట్టె మీద పెట్టి వరస చివర చేరాను. ముప్ఫై ఏళ్లుగా వరస పక్కన నిలబడి అరవడమే నా పని. వరసలో నిలబడి చాలా కాలమైంది.

"బావా, నీ కాడే ఆగిపోతంది బుట్ట. నీ సెయ్యి ఆలీసం!" అని నూకరాజు నన్నే కసిరాడు. మూర్తి నవ్వాపుకున్నాడు, సత్తిబాబు ఆపుకోలేదు. రైల్లో ఆగిపోయిన అతని నవ్వు మళ్లీ వినడం నాకు ఎంత బాగుందో చెప్పలేను.

బుట్టలన్నీ ఒడ్డెక్కాయి. వేలంపాటవాడు వచ్చి నిలబడ్డాడు. నూకరాజు వాణ్ణి ఆగమని, మంచి చేపను ఒకదాన్ని ఏరాడు. మేం వంజరం అంటామే, వీళ్లు దాన్ని కోనాం అంటారు. దాన్ని రెండు చేతులా పట్టుకెళ్లి, గోడవార కూర్చుని వల కుడుతున్న ఒక ముసలాయన పక్కన పెట్టాడు. ముసలాయన తలెత్తి చూసి, ఊఁ అని, మళ్లీ కుట్టుకోవడంలో పడ్డాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆయన మీతో సముద్రంలోకి వస్తాడా?"

"ఎల్లయ్య మావా? కాలు పోయి ఎనిమిదేల్లయినాది. రాడు."

"మరి మొదటి చేప ఆయనకా?"

నూకరాజు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆడు కుట్టిన వలలోనే గదా బావా సేప పడ్డాది. నాను ఇంజిను తోలినాను, ఆడు సిల్లు సూసినాడు. ఆ సిల్లు ఆడి కంట పడకపోతే నాను ఎంత తోలినా ఏటొస్తాది? నీల్లొస్తాయి."

"ప్రతిసారీ ఇస్తారా?"

"ఏటకెల్లొచ్చిన ప్రతిసారీని. ఓపాలి తొందర్లో మర్సిపోనాను. మావ ఏటీ అన్లేదు. కానీ ఆ మర్నాడు సూడాలి, కళాసీలు ఒక్కడూ వల గట్టిగా లాగితే ఒట్టు! అడిగితే సెప్పరు. ఆకరికి ఒకడన్నాడు, మావనే మర్సిపోయినోడివి, మమ్మల్ని గుర్తెట్టుకుంటావేటి అని."

నా ముఖం ఎలా మారిందో నాకు తెలీదు. సత్తిబాబు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని గొంతుకు ఏమీ కాలేదని, జబ్బు నాదేనని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది, ఆ హార్బర్ వాసన మధ్య, అంతమంది ముందు.

అంతలో నూకరాజు నాలుగు చేపలు తాటాకు బుట్టలో వేసి నా చేతికివ్వబోయాడు. సిగ్గులో ఉన్న మనిషికి నోరు ఊరుకోదు. "మాకెందుకయ్యా, మేం కూలికి రాలేదు" అనేశాను.

నూకరాజు చెయ్యి ఆగిపోయింది. చుట్టూ కళాసీలు కూడా చూశారు.

"కూలెవుడిత్తన్నాడు బావా? ఇది కూర. మా బోటు మీద సెయ్యేసినోల్లందరికీ కూర ఎల్తాది. నువ్వు ఒద్దంటే, నీ సెయ్యి ఏసినట్టు కాదన్నమాట. మరి నా కాడ ఇందాకట్నించి నిలబడి ఏటి సేసినట్టు?"

ఎల్లయ్య కూడా కుట్టడం ఆపాడు. నేను రెండు చేతులూ చాచి ఆ బుట్ట తీసుకున్నాను. "తప్పయింది బావా" అన్నాను. నా నోటినుంచి ఆ మాట వినడం మా వాళ్లకి అదే మొదలు. కోటయ్య బుట్టలోకి తొంగి చూశాడు, అతని ధ్యాస అతనిది.

మూర్తి దస్తూరీ

తిరిగి చూసుకుంటే చార్టుల చుట్ట ఉన్న పెట్టె ఐసు పెట్టె. చుట్ట పైపొర తడిసి ముద్దైంది. లోపలివి బతికాయి. పాడైంది పైనున్న ఒక్కటే, పేర్ల చార్టు. పెద్ద అక్షరాల్లో ఉన్న నా పేరు కరిగి మిగతా మూడు పేర్ల మీదికి కారింది.

పాతూర్లో కొత్త చార్టు కాగితం కొని లాడ్జికి వచ్చాం. మూర్తి స్కేలు పెట్టి గీతలు గీసి, "అవే పేర్లాండీ?" అన్నాడు.

చెప్పకుండా దాచడం నా స్వభావం కాదు. షీల్డు కావాలని నాకు చాలా ఆశగా ఉంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా పేరు మీద ఒక్క మెమెంటో లేదు. నా పేరు కరిగిన పాత చార్టు చుట్టి మంచం కిందికి తోశాను.

"మొదట అప్పాయమ్మ పేరు రాయి" అన్నాను.

మూర్తి కలం ఆగింది. "పోటీకి పంపిన ఫారంలో నలుగురమే ఉన్నామండీ. చార్టులో ఐదుగురుంటే మార్కులు కోస్తారండి. షీల్డు పోద్దేమో చూసుకోండి."

"పోతే పోయింది. రాయి."

"ఇంటిపేరేంటండీ ఆవిడది?"

నాకు తెలీదు. పదేళ్లుగా నా గది కూడా ఊడుస్తోంది, ఇంటిపేరు తెలీదు. కోటయ్యకూ తెలీదు. మంచం మీద అటు తిరిగి పడుకున్న సత్తిబాబు గోడకేసి చెప్పాడు. "గుబ్బల అప్పాయమ్మ."

కాసేపటికి లేచి బయటికి వెళ్లాడు. వస్తూ నాకు టీ పట్టుకొచ్చాడు. "ఫోర్‌మన్ గారండీ, నా ముక్క ఒక్కసారి వింటారా అండీ? నాలుగు నిమిషాలు దాటుతోందేమో చూడండి."

దాటలేదు. మూడున్నర నిమిషాల్లో ముగించాడు. ఆ మధ్యాహ్నం మెస్సావిడ నూకరాజు ఇచ్చిన చేపల్ని పులుసు పెట్టింది, బెల్లం వేసే. రెండుసార్లు కలుపుకున్నాను.

హాల్లో

పోటీ జరిగిన హాలు చల్లగా, పెద్దగా ఉంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలవాళ్లు టైలు కట్టుకుని, తెర మీద బొమ్మలు వేసి, ఇంగ్లీషులో చెప్పారు. మేం చార్టులు గోడకి తగిలించి తెలుగులో చెప్పాం. మాట్లాడటానికి లేస్తూ నా కుర్చీ నేనే పడేశాను, ఈ సంగతి మా ఆవిడకు చెప్పకండి.

ఐదు పేర్లూ చదివాను. న్యాయనిర్ణేతలు ముగ్గురు. వాళ్లలో ఒకాయన ఫారం తిరగేసి, "ఇందులో నలుగురే ఉన్నారు. ఈ మొదటి పేరావిడ ఎక్కడ?" అన్నారు.

"మిల్లులో ఊడుస్తోందండి" అన్నాను. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నా కోపం నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే సత్తిబాబు ముందుకొచ్చాడు.

చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, ఆ రజను దాని మీద పోశాడు. పోయిన సీజనులో నా లాగ్ బుక్కు మీంచి ఎత్తిన రజనే అది. ఇన్నాళ్లూ దాచాడు.

"ఇది మా అప్పాయమ్మ ఏరిందండి. మేం నలుగురం గొలుసుకేసి పైకి చూశామండి. ఆవిడ నేలకేసి చూసింది. మా ఫోర్‌మన్ గారు అప్పుడు కోప్పడ్డారండి, కానీ ఇరుసు కిందికి పాక్కుంటూ మొదట దూరిందీ ఆయనే. ఆ పూట ఆయన వెనక్కి తగ్గితే మేమెవరం దూరేవాళ్లం కాదండి." తర్వాత ఇరుసు కుంగిన లెక్క, ఎత్తిన తీరు, వెల్డింగు పట్టీ అన్నీ చెప్పాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ లేచొచ్చి రజను వేళ్లతో రాసి చూశారు. అతను నా గురించి చెప్పిన మాట చార్టులో లేదు, మూడున్నర నిమిషాల్లోనూ లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగాయంటే తిరిగాయి, అందులో దాచేదేముంది.

షీల్డు రాలేదు. రెండో బహుమతి వచ్చింది, జానెడు కప్పు. పేర్ల తేడాకి మార్కులు కోయక తప్పలేదని ఫారం తిరగేసిన ఆ పెద్దమనిషే నా దగ్గరికొచ్చి చెప్పారు. "మంచిదండి" అన్నాను. నిజంగానే అన్నాను. మేం నలుగురం ఆ కప్పు పట్టుకుని మెట్లు దిగుతుంటే, షీల్డు పట్టుకున్నవాళ్లు మాకంటే పొట్టిగా కనిపించారు నాకు.

మెట్ల దగ్గర సత్తిబాబును అడిగాను, ఆ పొట్లం ఎందుకు తెచ్చావని. "మీరు పేరు చదివితే తీద్దామనుకున్నానండి. చదవకపోతే తిరిగి పట్టుకెళ్లి ఆవిడకి ఇచ్చేద్దామని."

మళ్లీ మిల్లు

తిరిగి వచ్చే ముందు హార్బర్ దగ్గర ఎండు నెత్తళ్ల చేపలు కొన్నాను. ఆ మూట వాసనకి రైలు పెట్టెలోవాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. టికెట్ కలెక్టరు కూడా మా వరస దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు.

సర్టిఫికెట్లు నాలుగే ఇచ్చారు, పేరు చోటు ఖాళీగా ఉంచి. రైల్లో మూర్తి మూడు నింపి, నాలుగోదాని మీద నా పేరు రాయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఏం రాయాలో అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది.

మేనేజరు గారు కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, నడిమి అరలో పెట్టించారు. అర పెద్దది, కప్పు చిన్నది. పెట్టనివ్వండి.

అప్పాయమ్మను నా గదికి పిలిపించాను. చీపురుతోనే వచ్చింది. సర్టిఫికెట్ ఇచ్చాను. నెత్తళ్ల మూట ఇచ్చి, "ఇది నీ కూర" అన్నాను. ఎలా చెప్పాలో తెలీక హార్బర్ సంగతంతా గడగడా చెప్పేశాను. చివర్న, "నీవల్లే అయింది అప్పాయమ్మా. అప్పుడు అరిచినందుకు ఏమీ అనుకోకు" అన్నాను.

ఆవిడ సర్టిఫికెట్ మీద పేరు వేలితో తడిమింది. "ఇంటిపేరు కూడా రాయించారేంటి బాబూ" అంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా పక్కనపెట్టి, కొంగు ముడి విప్పి చిన్న పొట్లం బయటికి తీసింది.

"మీరు ఊళ్లో లేనప్పుడు రెండో క్యారియర్ కింద రాలిందండి. ఎడం పక్కే. టేబుల్ మీద పోస్తే కోప్పడతారేమోనని కొంగున కట్టుకు తిరుగుతున్నాను."

లాగ్ బుక్కు పక్కకి తోసేశాను. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, టేబుల్ మధ్యలో నేనే పరిచాను.

"ఇక్కడ కుమ్మరించు అప్పాయమ్మా" అని, గుమ్మంలోకి తిరిగి సత్తిబాబును, కోటయ్యను, మూర్తిని కేకేశాను. ఐదుగురం ఆ కాగితం మీదికి వంగాం.